అక్క దాచిన పది పైసలు

మా అక్క డబ్బాలో ఒక పది పైసల బిళ్ల ఉంది. అల్యూమినియంది, అంచు పువ్వు రేకుల్లా ఉంటుంది. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరమని సర్కారు 5, 10 పైసలు, 10, 50 రూపాయల ప్రత్యేక నాణేలు వేసింది. యాభైది వెండిది. మన ఇళ్లకు వచ్చింది చిల్లరే లెండి. సంతోషంగా ఉన్న బిడ్డే దేశానికి గర్వమని వాటి మీద ఇంగ్లీషులో రాసుంది.

అప్పుడు షోలాపూర్‌లో నాన్న మిల్లుకు పోయేవాడు, నేను బడికి. పదకొండేళ్ల అక్క మాత్రం చేట ఒళ్లో పెట్టుకొని అమ్మతో సమానంగా బీడీలు చుట్టేది. లెక్కంతా అమ్మ పేరు మీదే. ఒక వారం కూలి రాగానే అమ్మ ఈ బిళ్ల చేతిలో పెట్టిందట. కొత్తగా మెరుస్తోందని అక్క ఖర్చు పెట్టలేదు.

1990లో సార్క్ ఆడపిల్లల సంవత్సరమని రూపాయి బిళ్ల వచ్చింది. అంగన్‌వాడీల పథకానికి పదిహేనేళ్లు నిండాయని అదే ఏడు ఇంకొకటి. అప్పటికి అక్కకు ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరినీ చేట ముట్టనివ్వలేదు.

2011 జూన్ 30తో పది పైసల చెల్లుబాటు పోయింది. అయినా డబ్బాలోంచి తీయలేదు. మొన్న మనవరాలు దాని మీది అక్షరాలు చదివి అర్థం చెప్పింది.

అక్క నావైపు తిరిగి, "నువ్వు చదువుకున్నోడివే కదరా, ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు?" అంది.