రెక్క సూర వేట

ట్యూనా జాతి చేపలను ఆంధ్ర తీరంలో సూర అంటారు. వాటిలో ఎల్లోఫిన్ పేరు రెక్క సూర. ఆ పేరు దానికి అతికినట్టు సరిపోతుంది. ఒళ్ళు పెరిగేకొద్దీ వీపు మీది రెండో రెక్క, పొట్ట కింది రెక్క కొడవళ్ళలా సాగి పసుపుపచ్చగా మెరుస్తాయి. మీటరు పొడవు వచ్చేసరికి ఇది గుడ్లు పెట్టే ఈడుకు చేరుతుంది. బాగా ఎదిగినవి రెండు మీటర్లు దాటతాయి. 2012లో మెక్సికో పసిఫిక్ తీరంలో గాలపు కర్రకు చిక్కిన ఒక చేప 193.7 కిలోలు తూగింది.

దీని బలమంతా ఒంటి వేడిలో ఉంది. చాలా చేపల నెత్తురు చుట్టూ ఉన్న నీటంత చల్లగా ఉంటుంది. సూర కండరాల్లో పుట్టిన వేడిని మాత్రం రక్తనాళాల జాలం ఒకటి బయటికి పోనివ్వదు. ఈత ఆపితే మొప్పలకు నీరందదు గనుక పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఈదుతూనే ఉండాలి. అలా ఈదుతూ వేడెక్కిన కండరం చురుగ్గా పనిచేస్తుంది. వేటగాడికి చుక్కలు చూపించేది ఈ వేడే. చేప చేతికొచ్చాక మాంసాన్ని పాడుచేసేదీ ఇదే. అందుకే పెద్ద సూర వేటలో పట్టడం సగం పని మాత్రమే.

ముందు జాడ దొరకాలి. చిన్న చేపల గుంపును సూరలు కింది నుంచి తరిమితే పైన పక్షులు ముసురుతాయి. డాల్ఫిన్లు, కొట్టుకొచ్చిన దుంగలు, రెండు రంగుల నీళ్ళు కలిసే చాళ్ళు కూడా గుర్తులే. ఇప్పుడు వీటికి ఉపగ్రహం తోడైంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు పైనీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ చూసి చేపలుండే తావులను అంచనా వేస్తుంది. ఆ సమాచారం ఫోన్లకూ, రేవుల్లోని బోర్డులకూ చేరుతుంది.

బోటు వెనక ఈకల ఎరలు, బొమ్మ చేపలు కట్టి లాగుతూ పోతే విశాలమైన నీళ్ళను గాలించవచ్చు. గుంపు ఎక్కడుందో తెలియనప్పుడు ఇదే మేలైన పద్ధతి. గుంపు దొరికాక, పెద్ద చేప కావాలంటే మాత్రం బతికున్న ఎరను మించింది లేదు. కానాగంత లాంటి చేపకు ముక్కు దగ్గరో, వీపు రెక్క ముందో, వెన్నుకు తగలకుండా గాలం గుచ్చి వదులుతారు. ఎర ఎంత హుషారుగా ఈదితే అంత మంచిది. సూర చూపు చాలా పదునైనది. అందుకే గాలం దగ్గర నీటిలో అంతగా కనిపించని ఫ్లోరోకార్బన్ దారం కడతారు. కొన వంపు తిరిగిన గుండ్రటి గాలమైతే గుంజాల్సిన పనిలేదు. చేప తిరిగి పారిపోయేటప్పుడు అది జారి దవడ మూలకు తగులుకుంటుంది.

గాలం పడిన మరుక్షణం పెద్ద సూర నిలువునా లోతుకు దూకుతుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక లాంటి ఊళ్ళ మత్స్యకారులు చిన్న పడవల మీద ఈ బరువును చేతి తాడుతోనే ఎదుర్కొంటారు. తాడు చుట్టలు కాళ్ళకు దూరంగా, చిక్కుపడకుండా ఉండాలి. చేప లాగినప్పుడు వదలాలి, అలిసినప్పుడు లాగాలి. ఎదురు పట్టుకుంటే తాడు తెగుతుంది, లేదా చెయ్యి కోసుకుపోతుంది. చివరికి చేప పడవ కింద గుండ్రాలు తిరగడం మొదలుపెడుతుంది. అది దగ్గరకు వచ్చే ప్రతి చుట్టులోనూ నాలుగు బారలు లాక్కోవాలి. ఎక్కువ చేపలు తప్పిపోయేది ఈ ఘట్టంలోనే. అదే గాలానికి ఒక్కోసారి కొమ్ముకోనెం అనే మార్లిన్ జాతి చేప కూడా పడుతుంది. 2025 జూలైలో పూడిమడక దగ్గర అలా పడిన చేప ఒక మత్స్యకారుణ్ణి సముద్రంలోకి లాక్కుపోయింది. సూర మాంసం కొనేవారు ఈ వేట వెనకున్న ప్రాణభయాన్ని తెలుసుకోవాలి.

పెద్ద ఓడలు కిలోమీటర్ల పొడవైన తాడుకు వందలాది గాలాలు వేలాడదీస్తాయి. చుట్టువలలు గుంపును మొత్తంగా మూసేస్తాయి. తేలే దుంగల చుట్టూ వేసే అలాంటి వలల్లో ఇంకా ఈడు రాని పిల్ల సూరలు ఎక్కువగా పడతాయి. జాతి మనుగడ దృష్టితో చూస్తే ఒక్కొక్క చేపనూ పట్టే గాలమే మెరుగు.

ఇక మిగతా సగం పని. పెనుగులాటలో చేప ఒళ్ళు కాగిపోతుంది, కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. అలాగే వదిలేస్తే ఎర్రటి మాంసం పాలిపోయి, మెత్తబడి, ఉడికినట్టు అయిపోతుంది. అందుకని కొక్కెం కర్రను ఒంట్లో కాకుండా తలలోనే దించి పైకి లాగుతారు. వెంటనే మెదడులో మేకు గుచ్చి కొట్టుకోకుండా చేస్తారు. పక్క రెక్క మొదలుకు కాస్త వెనక కోసి నెత్తురు తీస్తారు. మొప్పలు, పేగులు తొలగించి మంచు, ఉప్పునీరు కలిపిన జావలో ముంచుతారు. ముక్కల మంచు ఒళ్ళంతా అంటదు, జావ అంటుతుంది. యాభై కిలోల చేపకు లోపలి దాకా చలి పట్టడానికి గంటలు పడుతుంది గనుక మంచు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎండలో ఉన్న సూరలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి.

ఎగుమతికి కొనేవారు సన్నటి బోలు కడ్డీని చేప ఒంట్లోకి దించి, పెన్సిలంత మాంసపు పోగును బయటికి తీస్తారు. దాని ఎరుపు, మెరుపు, కొవ్వు వెలుతురులో పట్టి చూస్తారు. ధర అక్కడ తేలుతుంది.