బెయిలు: బరువు మోసేవాడి మాట



రైల్వే స్టేషనులో తలమీద పెట్టె, భుజాన సంచి వేసుకొని పోయే కూలీని మీరంతా చూసే ఉంటారు. కోర్టుల్లో రోజూ వినిపించే 'బెయిలు' అనే మాట అలాంటి మనిషి నుండి పుట్టిందంటే నమ్ముతారా?

లాటిన్‌లో 'బాజులుస్' అంటే బరువులు మోసేవాడు. ఆ మాట పాత ఫ్రెంచిలోకి పోయి, కాపలా ఉంచుకోవడం, అప్పగించడం అనే అర్థాలు తెచ్చుకుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కోర్టుల్లో చాలాకాలం ఫ్రెంచే నడిచింది. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేసినా ఫ్రెంచి మాటలు పోలేదు. అలా మిగిలినదే బెయిలు. పిలిచినప్పుడు తెచ్చి నిలబెడతానన్నవాడికి నిందితుణ్ణి అప్పగించడమన్నమాట. మనం అమీనా అనే కోర్టు 'బైలిఫ్' కూడా ఈ వంశంవాడే.

మన పల్లెల్లో వాడే 'జామీను' అరబ్బీ నుండి వచ్చింది. మూలంలో పూచీపడే మనిషి అని అర్థం. అక్కడా మనిషే! పాసుపుస్తకం తర్వాత వచ్చి చేరింది.

చిక్కంతా దానితోనే. నేను హాస్టల్లో ఉన్నప్పుడు, పనికోసం దూరం పోయిన మా ఊరాయనకు బెయిలు మంజూరైంది. ఆయన మాత్రం బయటికి రాలేదు. "ఆ ఊర్లో ఆస్తి ఉన్నోళ్లు మనకేడ దొరుకుతారు నాయనా" అని వాళ్లమ్మ మా నాయన దగ్గర ఏడ్చింది.

సరిగ్గా ఇదే ప్రశ్న 1978లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే బీద తాపీమేస్త్రీని 10,000 రూపాయల జామీను అడిగారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను ఒప్పుకోలేదు. ఒక తెలుగువాణ్ణి బస్తర్‌లోనో చాందినీచౌక్‌లోనో పట్టుకుంటే అక్కడ ఆస్తిపరుణ్ణి ఎలా తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో అడిగారు. 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై వదలమన్నారు.

2005లో చట్టాన్నే సవరించారు. బెయిలబుల్ నేరాల్లో వారంలోగా జామీను తేలేనివాణ్ణి బీదవాడిగా ఎంచి, సొంత పూచీకత్తుపై విడిచిపెట్టాలి. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 478వ సెక్షను. పెద్ద నేరాలకు ఇది వర్తించదు.

ఇంకొక సంగతి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఫోను నంబరు 15100. ఇంట్లో గోడమీద రాసి పెట్టండి.