లాభం, రెండు, మూడు...

పర్చూరు ఉన్నచోటి నుంచి కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. 1970 ఫిబ్రవరి 2 దాకా గుంటూరు జిల్లా. ఆ తర్వాత ఒంగోలు పేరుతో పుట్టి 1972లో ప్రకాశంగా మారిన జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఇన్ని మారినా ఇక్కడి వడ్డీ భాష మారలేదు. నూటికి నెలకెన్ని రూపాయలో అదే వడ్డీ. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, దాని ముద్దుపేరు ధర్మవడ్డీ. రెండు రూపాయలంటే 24 శాతం. "ఎంతండీ, రెండు రూపాయలేగా" అంటే చెవికి ఎంత తేలిగ్గా ఉంటుందో! కిటుకంతా అక్కడే.

బ్యాంకు లెక్కల్ని ఇదే భాషలోకి దించితే భలే ఉంటుంది. బాకీ మీద నెలకు మూడున్నర శాతం వేసే క్రెడిట్ కార్డులున్నాయి. మన మాటలో మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీకి తెచ్చాడని తెలిస్తే "వాడి పని అయిపోయిందిరా" అని రచ్చబండ మీద తేల్చేస్తారు. తమ అబ్బాయి హైదరాబాదులో కార్డు గీకి ఫోను కొంటే మాత్రం చల్లగా చూసి ఊరుకుంటారు.

2004లో డ్వాక్రా మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. అంటే ఏడాదికి 3 శాతం. 2011 జూన్ 30తో పావలా బిళ్ల చెల్లకుండా పోయింది. వడ్డీ భాషలో మాత్రం పావలా ఇంకా చెల్లుతూనే ఉంది.

రోజూ తాగే టీ మానేస్తే లక్షాధికారులవుతారని చెప్పే పుస్తకాలు నాకు పడవు. పది రూపాయల టీ రోజుకొకటి చొప్పున ఏడాదికి 3,650. లక్ష రూపాయల మీద రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24,000. రోజుకు ఆరు టీలు తాగినా ఆ వడ్డీతో సమానం కాదు. టీ తాగండి, నోటు సంగతి చూడండి.

నోటంటే ప్రామిసరీ నోటు. దాన్ని ఎప్పుడైనా తిరగేసి చూశారా? ముందు వైపు రెవిన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం. అసలు కథ వెనకవైపు నడుస్తుంది. ఫలానా తేదీన ఇన్ని రూపాయలు చెల్లు అని ఒక వరుస, కింద సంతకం. ఏడాది తర్వాత ఇంకో రంగు సిరాతో ఇంకో వరుస. నాలుగు మడతలు పడ్డచోట కాగితం నలిగి అంకెలు సగం చెరిగి ఉంటాయి. చట్టం ప్రకారం నోటుకు కాలదోషం మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీదారు కొంత కట్టి, తన చేత్తో రాసో సంతకం పెట్టో చెల్లు వేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. మూడో ఏడు చివర్లో అప్పిచ్చిన పెద్దాయన పనిగట్టుకు వచ్చి, "ఓ వంద చెల్లెయ్యరా అబ్బాయ్" అనేది వంద కోసం కాదు.

చెల్లు అవసరం బాకీదారుడికీ అంతే ఉంది. మిరపకాయలు అమ్మిన రోజున ఇరవై వేలు చేతిలో పెట్టి, నోటు తీయమనడానికి మొహమాటపడి ఇంటికొచ్చినవాడికి ఆ ఇరవై వేలకు రుజువు ఉండదు. మన వైపు మొహమాటమంత ఖరీదైన అలవాటు ఇంకోటి ఉందనుకోను.

చెల్లుకు బదులు నోటు తిరగరాస్తే లెక్క వేరు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష మూడేళ్లకు 1,72,000 అవుతుంది. ఆ మొత్తానికి కొత్త నోటు రాస్తే ఇంకో మూడేళ్లకు 2,95,840. తిరగరాయకుండా బారువడ్డీయే ఆరేళ్లు నడిస్తే 2,44,000. మధ్యలో పెట్టిన ఒక్క సంతకం 51,840 రూపాయలు.

బ్యాంకులో 3 లక్షల దాకా పంట రుణం 7 శాతానికి దొరుకుతుంది. గడువులో కట్టేస్తే అందులో 3 శాతం తగ్గుతుంది. మిగిలిన 4 శాతం మన భాషలో ముప్పైమూడు పైసల వడ్డీ. కొందరు వారం రోజులకు బయట రెండు రూపాయలకు తెచ్చి బ్యాంకులో కట్టి, మళ్లీ కొత్త రుణం తీసుకుంటారు. లక్షకు వారం వడ్డీ 500 లోపే, కలిసొచ్చేది 3,000. చదువుకోనివాళ్లకు లెక్కలు రావని ఎవరన్నారు?

లెక్క మొదలుపెట్టడంలోనే మన ఆశ తెలుస్తుంది. కొలతలు కొలిచేటప్పుడు మనవాళ్లు ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... ఏడు దగ్గర కొందరు "ఆరున్నొకటి" అని దాటేస్తారు, ఏడుపు వినపడుతుందని.

ఇంత లెక్క తెలిసినవాళ్లూ చేతిలో డబ్బు లేనప్పుడు లెక్క తప్పుతారు. మన పక్కనే తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి తెలివితేటల పరీక్షలు పెట్టారు. ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అదే మనిషి, అవే రకం ప్రశ్నలు. కోతకు ముందు మార్కులు తగ్గాయి. చేతిలో డబ్బులేని దిగులే బుర్రను ఆక్రమిస్తుందన్నమాట. పత్తి తీతలకు ముందు నెలల్లో పురుగుమందుల కొట్టు ముందు నిలబడి, ఏ డబ్బా చూపిస్తే దానికి తల ఊపి ఖాతాలో రాయించుకొచ్చే రైతును తెలివితక్కువవాడని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

దీనికి విరుగుడు కెన్యాలో కనిపెట్టారు. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రేమర్, జోనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి మొక్కజొన్న రైతుల దగ్గరికి పంట అమ్ముకున్న వెంటనే వెళ్లి, "వచ్చే పైరుకు ఎరువు డబ్బు ఇప్పుడే కట్టండి, అప్పటికి ఇంటికి తెచ్చిస్తాం" అన్నారు. ధర తగ్గించలేదు, రవాణా ఖర్చు మాత్రం లేదు. ఎరువు వాడకం, తర్వాత సగం ధరకు ఇస్తే ఎంత పెరుగుతుందో దాదాపు అంత పెరిగింది. వాళ్లు చేసిందల్లా చేతిలో డబ్బు ఆడే రోజు చూసి తలుపు తట్టడమే.

మన ఆడవాళ్లు ఎప్పటినుంచో పోపులడబ్బాతో చేస్తున్నది ఇదేగా! 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎన్ని ఇళ్లలో ఆవాల కింది నుంచి అయిదువందల నోట్లు బయటపడ్డాయో, ఎందరు భర్తలు నోరు తెరిచారో. అంతకుముందు నెల్లూరు జిల్లాలో, 1992లో దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం 1993 అక్టోబరు 1న సారాను నిషేధింపజేశాక, ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టారు. దాని పేరు పొదుపులక్ష్మి. సారా కొట్టు కూడా రోజువారీ ఖర్చే కదా, ఆ రోజువారీ అలవాటు దుకాణం మారిందంతే.

 

చివరిగా కోల్డ్ స్టోరేజీ. 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షేర్లు కొనేవాళ్ల మీద ఒక సంగతి రాశారు. లాభంలో ఉన్నది తొందరపడి అమ్మేస్తారు, నష్టంలో ఉన్నది పట్టుకుని కూర్చుంటారు. ప్రకాశం జిల్లాలో 2010ల మధ్యలో శనగల బస్తాలు స్టోరేజీల్లో ఏళ్లకేళ్లు అలా కూర్చున్నాయి. వాటి మీద తెచ్చిన అప్పుకు వడ్డీ, గోడౌనుకు అద్దె, రెండూ రాత్రింబవళ్లు నడిచాయి. ఆ బస్తాల ఆసామిని ధర ఎంతుందని అడిగితే ఇవాళ్టిది చెప్పేవాడు కాదు. "నిరుడు ఎంతకడిగారో తెలుసా?" అని మొదలుపెట్టేవాడు.