ఊరంతా నిర్మాతలే

2018 సెప్టెంబరు 7 దాకా కంచరపాలెం అంటే విశాఖ జనానికి పాలిటెక్నిక్ కాలేజీ, ఐటీఐ జంక్షన్, ఇండస్ట్రియల్ ఎస్టేట్. ఆ శుక్రవారం మార్నింగ్ షో పడ్డాక, ఆ పేట ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా అదొక సినిమా పేరైపోయింది.

‘కేరాఫ్ కంచరపాలెం’లో కనిపించే 80 మందికి పైగా నటుల్లో ఎక్కువమంది అక్కడివాళ్లే. అంతకుముందు కెమెరా ముందు నిలబడ్డ అలవాటు లేనివాళ్లే. 49 ఏళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజుగా సుబ్బారావును చూస్తుంటే, ఏ ఆఫీసు వరండాలోనో రోజూ ఎదురయ్యే మనిషే తప్ప నటుడు గుర్తుకురాడు. దర్శకుడు వెంకటేశ్ మహాకు అదే తొలి సినిమా. నిర్మాత పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. డబ్బు పెట్టి ఊరుకోలేదు, సలీమా పాత్ర కూడా తనే వేశారు.

ఈ సినిమాకు డబ్బింగ్ లేదు, మాటలు షూటింగ్‌లోనే రికార్డు చేసే సింక్ సౌండ్. వినడానికి టెక్నికల్ సంగతిలా ఉంటుంది గానీ, ఇళ్ల మధ్య తీసేటప్పుడు అది పూర్తిగా ఇరుగుపొరుగు వ్యవహారం. డైలాగు నడుస్తుండగా పక్కింట్లో మిక్సీ తిరగకూడదు. కుక్కర్ మూడో విజిల్ వేయకూడదు. గుడి మైకు, చేపలమ్మే ఆవిడ కేక, సందు మలుపులో ఆటో హారన్, ఒకటా రెండా! స్టూడియోలో అయితే నిశ్శబ్దానికి అద్దె కట్టేస్తారు. పేటలో మాత్రం అసిస్టెంట్ డైరెక్టరు గుమ్మంలో నిలబడి ‘పిన్నిగారూ, ఒక్క ఐదు నిమిషాలండీ’ అని బతిమాలుకోవాలి. ఐదు నిమిషాలంటే అరగంటని పిన్నిగారికి రెండోరోజే తెలిసిపోతుంది. అయినా మూడోరోజు కూడా మిక్సీ ఆపిందంటే, ఆవిడ సినిమాలో పెట్టుబడి పెట్టినట్టే. బడ్జెట్ కాగితంలో దీనికి గడి ఉండదు.

ఊరు నిజంగానే డబ్బు పెట్టిన సినిమా కావాలంటే 1976కు వెళ్లాలి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ తలపెట్టినప్పుడు, పది లక్షలు ఎక్కణ్నుంచి తేవాలన్న ప్రశ్నకు పాల సహకారోద్యమాన్ని నడిపిన వర్గీస్ కురియన్ దగ్గర జవాబు దొరికింది. గుజరాత్ పాల సహకార సంఘాల్లో 5 లక్షల మంది రైతులున్నారు. ఒక్కరోజు పాల డబ్బులో తలా 2 రూపాయలు వదులుకోమని అడిగారు. వదులుకున్నారు! రాజ్‌కోట్ దగ్గరి సంగన్వా గ్రామంలో షూటింగ్. నసీరుద్దీన్ షా అక్కడే గుడిసెలో ఉండి గేదె పాలు పితకడం, పిడకలు చేయడం నేర్చుకున్నాడు. రిలీజయ్యాక ఆ రైతులే లారీలెక్కి వచ్చి ‘మా సినిమా’ అంటూ చూశారు.

పదిమంది చందాలతో సినిమా తీద్దామనుకునేవాళ్లు సాధారణంగా మరచిపోయేది ఆ లారీలనే. 2 రూపాయలు పోగేయడం గొప్పే, కాదనలేం. కానీ అలా పోగేసినప్పుడే కురియన్, బెనెగల్ తమకు తెలియకుండానే 5 లక్షల మంది ప్రేక్షకుల్ని కూడా పోగేశారు. కన్నడంలో ‘లూసియా’ (2013)కు పవన్ కుమార్ 110 మంది దగ్గర డబ్బు తెచ్చాడు. పద్ధతి ఇంటర్నెట్‌ది, సూత్రం పాల సంఘానిదే.

కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం దారి వేరు. 1984లో ఆయనా మిత్రులూ ‘ఒడెస్సా’ పేరుతో ఒక బృందం కట్టారు. ఊరూరా తిరిగి, డప్పు కొట్టి, వీధి నాటకాలాడి, చాప్లిన్ ‘ది కిడ్’ ఆడించి చందాలు వసూలు చేశారు. 1986లో ‘అమ్మ అరియాన్’ పూర్తయ్యాక థియేటర్ల గుమ్మం తొక్కకుండా మళ్లీ జనం మధ్యకే తీసుకెళ్లి చూపించారు. మరుసటి ఏడాదే కోళికోడ్‌లో మేడ మీదినుంచి పడి జాన్ చనిపోయాడు.

ఇక పనిచేసే చేతుల సంగతి. డబ్బులేని సినిమాకు దొరికేది నేర్చుకుంటున్నవాళ్లే. విద్యార్థుల యూనిట్‌కు ఓపిక అపారం, జీతం బిర్యానీ పొట్లం. దాని శత్రువు మాత్రం ప్రొడ్యూసరు కాదు, సెమిస్టర్ పరీక్షలు. పది రోజుల విరామం తర్వాత అందరూ తిరిగొచ్చేసరికి హీరో నున్నగా కటింగ్ చేయించుకుని ఉంటాడు. సగం తీసిన సీను అటకెక్కుతుంది. ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ (2021)లో నవ్వంతా ఇక్కడే పుట్టింది. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరా, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే స్నేహితుడు, ఊళ్లో దొరికిన హీరో హీరోయిన్లు.

నవ్వుకోవడం సరే, నేర్చుకుంటూ పనిచేసినవాళ్లు ఎక్కడిదాకా వెళ్లగలరో అస్సాంలో రీమా దాస్ చూపించింది. ‘విలేజ్ రాక్‌స్టార్స్’కు రచన, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ ఆమే. సినిమా పాఠం ఎక్కడా చదవలేదు. ఛాయ్‌గావ్ దగ్గరి సొంతూరిలో పిల్లల్ని పోగేసి, వాళ్ల బడి సెలవుల్ని బట్టి, వరదల్ని బట్టి ఏళ్ల తరబడి తీసింది. మైకు పట్టుకోవడానికి చెల్లెలి వరసయ్యే మల్లికా దాస్ వచ్చింది. 2018లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రంతోపాటు లొకేషన్ సౌండ్‌కూ బహుమతి వచ్చింది. అది మల్లికకే.

తీయడం వరకూ ఊరు ఎంతైనా చేస్తుంది. ఆడించడం దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. సెన్సారు సర్టిఫికెట్, డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీకి తెరకింతని వారం వారం కట్టే అద్దె, పోస్టర్లు, అన్నిటికీ మించి శుక్రవారం ఒక మంచి థియేటరు. ఇవేవీ పిన్నిగారి గుమ్మంలో దొరకవు. ‘కేరాఫ్ కంచరపాలెం’కు కూడా రానా దగ్గుబాటి సమర్పకుడిగా నిలబడి, సురేష్ ప్రొడక్షన్స్ భుజం కాస్తేనే తెరలు దొరికాయి. ఆ మాట ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు.

మరమగ్గాల ఊరు మాలేగావ్‌లో నాసిర్ షేక్‌కు ఆ బెంగ లేకపోయింది. అతను వీడియో పార్లర్ నడిపేవాడు. తన ఊరి కుర్రాళ్లతో ‘షోలే’కు పేరడీ తీయకముందే అతని దగ్గర తెర ఉంది, బెంచీలున్నాయి, వాటిమీద కూర్చునే మగ్గం కూలీలున్నారు.

‘మంథన్’ నెగెటివ్‌ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించాక 2024 మేలో ఆ సినిమాను కేన్స్‌లో చూపించారు. నసీరుద్దీన్ షా వెళ్లాడు, అందులో నటించిన స్మితా పాటిల్ కొడుకు ప్రతీక్ వెళ్లాడు, కురియన్ కూతురు నిర్మల వెళ్లారు. జూన్ మొదట్లో దేశంలోని థియేటర్లలోనూ మళ్లీ వేశారు. 48 ఏళ్ల తర్వాత కూడా టైటిల్స్‌లో సమర్పకుల పేరు ఉండాల్సిన చోట అదే వరుస: 5 లక్షల మంది గుజరాత్ రైతులు.