పాత ఇత్తడిలో కొత్త సిలికాన్

జగదల్‌పూర్‌లో కేకే లైన్ రైలెక్కి, అరకు మీదుగా కొండలు దిగితే విశాఖపట్నం. బస్తర్ తెలుగువాళ్లకు దగ్గరి సముద్రం అదే. అక్కడి రుషికొండ తీరంలో స్కూబా నేర్చుకునేవాళ్ల నోటికి సిలిండరు నుంచి ఒక్క గొట్టమే వస్తుంది. అరవై ఏళ్ల కిందటి డైవర్ల ఫొటోల్లోనైతే తలకు చెరోపక్కా లావుపాటి ముడతల గొట్టాలు కనిపిస్తాయి. సిలిండరు గాలిని ఊపిరికి తగినట్టు అందించే సాధనమే రెగ్యులేటరు. మూలన పడిన ఆ రెండు గొట్టాల రెగ్యులేటర్లకు కొత్త భాగాలు వేసి మళ్లీ నీళ్లలోకి దిగుతున్న ఔత్సాహికులు అమెరికాలో, ఐరోపాలో ఇప్పటికీ ఉన్నారు.

రెండో గొట్టం సోకు కోసం పెట్టింది కాదు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో పెట్రోలు కరువై కార్లు గ్యాసుతో నడిచేవి. ఆ గ్యాసును అదుపు చేసే వాల్వును తయారుచేసిన ఇంజనీరు ఎమీల్ గన్యాన్, నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తోతో కలిసి 1943లో దాన్ని ఈతగాడి వీపుకెక్కించారు. మార్న్ నదిలో మొదటి పరీక్ష. అడ్డంగా ఈదితే బాగానే పనిచేసింది. నిటారుగా నిలబడితే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే ఊపిరి తీయడమే కష్టమైంది. కారణం తెలిసింది: గాలి లోపలికొచ్చే చోటు, బయటికి పోయే చోటు వేర్వేరు లోతుల్లో ఉన్నాయి. వదిలిన గాలిని రెండో గొట్టంతో వీపు వెనక్కి మళ్లించి, రెండు వాల్వులనూ పక్కపక్కన పెట్టడంతో చిక్కు వీడింది.

తర్వాత చౌకగా, తేలికగా ఒంటి గొట్టం వచ్చి దీన్ని పక్కకు నెట్టింది. అయినా పాతదానికొక సుగుణం ఉంది: బుడగలు తల వెనక నుంచి పోతాయి. ముఖం ముందు గలగల ఉండదు. నీటి అడుగున ఫొటోలు తీసేవాళ్లకు ఇది చిన్న సుఖం కాదు.

యూఎస్ డైవర్స్ సంస్థ రాయల్ ఆక్వామాస్టర్ లాంటి మోడళ్ల దేహం క్రోమియం పూత వేసిన ఇత్తడి. అది తరాలు నిలుస్తుంది. పోయేది రబ్బరే. గొట్టాలు పగుళ్లిస్తాయి, ఊపిరికి కదిలే పొర గట్టిపడుతుంది, గాలిని వదిలే వాల్వు అతుక్కుపోతుంది. వీటన్నిటి స్థానంలో ఇప్పుడు సిలికాన్ భాగాలు దొరుకుతున్నాయి. మెత్తగా వంగే కొత్త పొరతో ఊపిరి స్పష్టంగా తేలికపడుతుంది.

అసలు మలుపు ‘ఫీనిక్స్’ అనే భాగంతో వచ్చింది. పాత రెగ్యులేటర్లలో చాలావాటికి గాలి ఎంత మిగిలిందో చూపే మీటరును తగిలించే చోటే లేదు. ఊపిరి బిగుసుకుంటే సిలిండరు పక్కనున్న కడ్డీ లాగి, అట్టిపెట్టిన గాలితో పైకి రావాల్సిందే. ఫీనిక్స్, సిలిండరు గాలి ఒత్తిడిని తొలిగా తగ్గించే ‘మొదటి దశ’ దేహాన్ని మార్చి అదనపు రంధ్రాలిస్తుంది. వాటికి మీటరు, తోడు డైవరుకు ఇచ్చే అదనపు మౌత్‌పీస్, తేలే జాకెట్టులోకి గాలి నింపే గొట్టం బిగించుకోవచ్చు. పాత వస్తువును ముట్టుకోరాదనే సేకర్తల బాధ న్యాయమైనదే. కానీ అద్దాల బీరువాలో ఉండే రెగ్యులేటరు వేరు, మనిషి ప్రాణం ఆధారపడేది వేరు. నీళ్లలోకి దిగేదానికి ఈ మూడూ ఉండి తీరాలి. తీసిన పాత భాగాన్ని భద్రపరిస్తే సేకర్తకూ నష్టం లేదు.

ఏ కొత్త భాగమూ మార్చలేనిది ఒకటుంది: రెగ్యులేటరు వీపు మీద ఉండటం. నేటి మంచి రెగ్యులేటరు రెండు మూడు సెంటీమీటర్ల నీటి ఒత్తిడి తేడాకే తెరుచుకుంటుంది. బోర్లా ఈదేటప్పుడు వీపు మీది రెగ్యులేటరు ఊపిరితిత్తులకన్నా పది సెంటీమీటర్లు పైన ఉంటే, ఆ తేడానంతా ఛాతీ కండరాలే మోయాలి. అందుకే అనుభవజ్ఞులు సిలిండరును కిందికి దించి, రెగ్యులేటరు రెండు భుజపుటెముకల మధ్య వీపును ఆనుకునేలా కట్టుకుంటారు.

ఒంటి గొట్టంతో నేర్చుకున్నవాళ్లకు మరో పాఠం కూడా కావాలి. మౌత్‌పీస్‌లోకి నీళ్లొస్తే నొక్కి ఖాళీ చేసే బొత్తాం ఇక్కడ ఉండదు. ఎడమవైపు ఒరిగి, నీటిని ఆ పక్క గొట్టంలోకి జార్చి, గట్టిగా ఊది బయటికి పంపాలి. ఆ అలవాటు ఈతకొలనులోనే కుదరాలి.