ఆఫ్రికన్ డయాస్పొరా స్టడీస్ ‘మైనర్’ అంటే ఏమిటి? అమెరికాలో చదివే మన పిల్లలకు దానితో పనేంటి?

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే మొహల్లా ఉంది. రోజూ ఆటోవాలాకు ఆ పేరు చెప్పేవాళ్లలో చాలామందికి అందులో ఏసీ ఏమిటో తెలియదు. ఆఫ్రికన్ కావల్రీ అని దాని అర్థం. నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం ఉండిన చోటు అది. 1948 తర్వాత నిజాం సైన్యం పోయింది, గుర్రాలూ పోయాయి. మనుషులు మాత్రం అక్కడే ఉండిపోయారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ మనలాగే దక్కనీ మాట్లాడతారు. బారాత్‌లో మర్ఫా మోగితే మనం ఊగిపోతాం కదా, ఆ దరువులో అరబ్బు చావుష్‌ల చెయ్యి ఎంత ఉందో ఈ సిద్దీల చెయ్యీ అంత ఉంది.

సొంత నేల వదిలి, లేదా బలవంతంగా వదిలించబడి, వేరే దేశాల్లో వేళ్లూనుకున్న జనాన్ని డయాస్పొరా అంటారు. ఆఫ్రికా ఖండాన్ని, అక్కడి నుంచి ఇలా ప్రపంచమంతా చెదిరిన జనాన్ని కలిపి చదివేదే ఈ కోర్సు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు దీన్ని మైనర్‌గా ఇస్తున్నాయి.

ముందు మైనర్ సంగతి చూద్దాం. అమెరికా డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. అందులో పెద్ద వాటా మేజర్‌ది, అంటే కంప్యూటర్ సైన్స్, బయాలజీ లాంటిది. దాని పక్కన ఇంకో సబ్జెక్టులో అయిదారు కోర్సులు, అంటే 15 నుంచి 18 క్రెడిట్లు పూర్తి చేస్తే అది మైనర్ అవుతుంది. ఒక పరిచయ కోర్సు తప్పనిసరి, మిగతావి ఎంచుకోవచ్చు. ఇది డిగ్రీ పిల్లల కోసం. ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకు మామూలుగా వర్తించదు. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎంఎస్‌కే కాబట్టి ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల విషయం వేరు.

ఈ చదువు ఎవరో పైనుంచి దయతలచి ఇచ్చింది కాదు. 1968 నవంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, వాళ్లతో పాటు ఆసియా, లాటిన్ మూలాల విద్యార్థులు సమ్మెకు దిగారు. తమ చరిత్ర తమ చదువులో ఎందుకు లేదన్నది వాళ్ల ప్రశ్న. పోలీసు లాఠీలు, అరెస్టులు, అన్నీ అయ్యాయి. సమ్మె 1969 మార్చి దాకా నడిచింది. ఆ తర్వాతే అక్కడ, ఇంకా అనేక చోట్ల ఇలాంటి శాఖలు పుట్టాయి. గొడవ ఇప్పటికీ తీరలేదు. హైస్కూల్ పిల్లల కోసం తెచ్చిన ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ కోర్సును ఫ్లోరిడా ప్రభుత్వం 2023లో తిరస్కరించింది.

ఇంటర్‌డిసిప్లినరీ అనే పెద్ద మాట ఒకటి ఉంది. ఒక్క డిపార్ట్‌మెంట్‌తో తేలని విషయం అన్నమాట. మన దక్కన్ మనిషి మాలిక్ అంబర్‌నే తీసుకోండి. ఇథియోపియాలో పుట్టాడు, చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయాడు. బాగ్దాద్ మీదుగా దక్కన్ చేరాడు. చివరికి అహ్మద్‌నగర్ సల్తనత్‌ను నడిపించే స్థాయికి ఎదిగి, 1626లో చనిపోయేదాకా మొఘలులకు నిద్ర లేకుండా చేశాడు. జహంగీర్ ఎంత ఉడికిపోయాడంటే, అంబర్ తలకు తాను బాణం గురిపెట్టినట్టు బొమ్మ గీయించుకున్నాడు. నిజంగా పట్టుకోలేకపోయాడు, బొమ్మలో తీర్చుకున్నాడు! తర్వాత ఔరంగాబాద్ అయిన ఖడ్కీ నగరాన్ని కట్టి, దానికి భూగర్భ కాలువలతో నీళ్లు తెప్పించిందీ ఇతనే. ఇతన్ని అర్థం చేసుకోవాలంటే బానిస వ్యాపారం చదవాలి, చిత్రకళ చదవాలి, నీటిపారుదల చదవాలి, ఇస్లామ్‌లో గులాముల స్థితి చదవాలి. ఈ మైనర్ చేసేది ఆ కలపడమే.

అట్లాంటిక్ వైపు లెక్కలు చూస్తే గుండె బరువెక్కుతుంది. నాలుగు శతాబ్దాల్లో సుమారు కోటి 25 లక్షల మందిని ఓడలెక్కించారని చరిత్రకారుల అంచనా. ఒడ్డుకు చేరింది కోటి 7 లక్షల మంది. మిగతావాళ్లు సముద్రంలోనే పోయారు. అందరూ అమెరికాకే వచ్చారని అనుకుంటాం గానీ, ఇప్పటి అమెరికా గడ్డ మీద నేరుగా దించింది 4 లక్షల లోపే. ఒక్క బ్రెజిల్‌కే సుమారు 48 లక్షలు.

వాళ్లలో ముస్లింలు తక్కువేమీ కాదు. ఇప్పటి సెనెగల్ ప్రాంతానికి చెందిన ఉమర్ ఇబ్న్ సయీద్ ఒక ఆలిమ్. 1807లో పట్టి తెచ్చి చార్లెస్టన్‌లో అమ్మేశారు. పారిపోయి దొరికినప్పుడు జైలు గోడల మీద అరబీలో రాశాడు. 1831లో తన జీవితకథ కూడా అరబీలోనే రాశాడు, సూరా అల్-ముల్క్‌తో మొదలుపెట్టి. ఆ ప్రతి ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. బ్రెజిల్‌లోని బాహియాలో 1835లో జరిగిన బానిసల తిరుగుబాటును నడిపింది కూడా ఆఫ్రికా ముస్లింలే.

చాలా చోట్ల ఈ మైనర్‌తో పాటు స్వాహిలీ నేర్చుకోవచ్చు. ఉర్దూ వచ్చిన పిల్లలకు అందులో సగం భయం మొదటి వారమే పోతుంది. పుస్తకం కితాబు, లోకం దునియా, సమయం వకాతి, కొట్టు దుకా, టీ అక్కడ కూడా చాయే. బండిని గారీ అంటారు, అది మన గాడీయే. అరబ్బు, గుజరాతీ వ్యాపారుల ఓడలు ఇటూ అటూ తిరిగిన గుర్తులివి.

ఇక అమ్మానాన్నలు అడిగే ప్రశ్న: దీంతో ఉద్యోగం వస్తుందా? ఒంటరిగా రాదు. వీసా మీద చదివేవాళ్లకు ఓపీటీ కూడా మేజర్‌ను బట్టే ఉంటుంది. కానీ డాక్టరు కాబోయే పిల్లకు ఇది పనికొస్తుంది. సికిల్ సెల్ జబ్బును అమెరికాలో చాలాకాలం నల్లవాళ్ల జబ్బుగానే చూశారు. నిజానికి అది జాతిని బట్టి కాదు, మలేరియా ఉన్న ప్రాంతాలను బట్టి వ్యాపించింది. మన ఆదివాసీ గూడేల్లోనూ ఉంది. లాయర్లకు, టీచర్లకు, జర్నలిస్టులకు సరేసరి.

మన ఇళ్లలో ఒక సంగతి ఒప్పుకోవాలి. మస్జిద్‌లో హజ్రత్ బిలాల్ పేరు ఎంతో ప్రేమగా తలుస్తాం, బయటికొచ్చి నల్లగా ఉన్న పిల్లాడిని ‘హబ్షీ’ అని ఏడిపిస్తాం. టోలిచౌకిలో అద్దె ఇంటి కోసం తిరిగే సోమాలియా, సూడాన్ విద్యార్థులను అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు.

తీసుకోదలచినవాళ్లు రెండో ఏడాదిలోపే అడ్వైజర్‌ను కలవాలి. చాలా యూనివర్సిటీల్లో జనరల్ ఎడ్యుకేషన్ కింద ఎలాగూ చదవాల్సిన చరిత్ర, సాహిత్యం కోర్సులను మైనర్‌లో కూడా లెక్కేస్తారు. అలా కుదిరితే అదనపు ఫీజు, అదనపు సెమిస్టర్ లేకుండానే అయిపోతుంది. ఏ కోర్సు రెండు చోట్లా లెక్కకొస్తుందో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.