చెట్టా? పిట్టా? గుడ్లగూబతో ఓ పజిల్!

ఫోన్‌లో జిగ్సా పజిల్స్ ఆడే అలవాటుందా? అయితే ఈసారి తాజ్‌మహల్, కుక్కపిల్లల బొమ్మలు పక్కనపెట్టి గుడ్లగూబ ఫొటో పెట్టుకోండి. వంద ముక్కలే కదా అనిపిస్తుంది. కళ్లు రెండూ రెండు నిమిషాల్లో కుదిరిపోతాయి. మిగతా ముక్కల దగ్గర మొదలవుతుంది అసలు తమాషా!

సెలవు దొరికితే కెమెరా పట్టుకుని పక్షుల వెంట తిరగడం నాకు సరదా. అందులోనూ గుడ్లగూబలంటే మరీ ఇష్టం. బాగా వచ్చిన ఫొటోల్ని మందపాటి అట్టమీద ప్రింట్ చేయించి, ముక్కలుగా కోయించి తెలిసిన పిల్లలకు ఇస్తుంటాను. ఎందుకంటే మనవైపు గుడ్లగూబను తేరిపార చూసేవాళ్లు తక్కువ, కనిపిస్తే రాయి విసిరేవాళ్లు ఎక్కువ. ‘ఇంటిమీద వాలితే కీడు’, ‘అరిస్తే ఎవరో పోతారు’ లాంటి మాటలు వింటూనే కదా మనం పెరిగాం. పొలాల్లో ఎలుకల్ని తిని రైతుకి మేలుచేసే పక్షికి దక్కుతున్న మర్యాద ఇది!

వెనక్కి తిరిగిన తల

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది స్పాటెడ్ ఔలెట్. పొడవు 21 సెంటీమీటర్లే. గోధుమరంగు ఒంటిమీద తెల్ల చుక్కలుంటాయి. పగలు చెట్టు తొర్రలో, కొమ్మల మధ్య కదలకుండా కూర్చుంటుంది. దాని ఫొటో ఒకటి పజిల్ చేసిస్తే మా అక్క కొడుకు తెగ తికమకపడ్డాడు. ‘పిన్నీ, ఈ ముక్క చెట్టుదా, పిట్టదా?’ అని పదిసార్లు అడిగుంటాడు. అంతలోనే ఇంకో అనుమానం... ‘వీపు ఇటుంది, మొహం కూడా ఇటే ఉంది. ముక్కలు తప్పు ఇచ్చావా?’ అని.

ముక్కలు సరైనవే. గుడ్లగూబ కళ్లు మనలాగా అటూ ఇటూ తిరగవు. అందుకే తలనే తిప్పుతుంది, ఏకంగా 270 డిగ్రీల వరకూ. మన మెడలో ఎముకలు 7 అయితే దానికి 14. ఇక చెట్టు బెరడులో కలిసిపోయే ఈకలంటారా... పజిల్‌ని కష్టం చేసేవి అవే, శత్రువు కంట పడకుండా పిట్టను కాపాడేవీ అవే. ఈ సంగతి నేను చెబితే వాడు రెండు నిమిషాల్లో మర్చిపోయేవాడు. గంటసేపు ముక్కలతో కుస్తీ పట్టాడు కాబట్టి గుర్తుండిపోయింది. ఇప్పుడు చెట్టు కనిపిస్తే చాలు, తొర్రలోకి తొంగిచూస్తున్నాడు.

మీరూ చేయొచ్చు!

సొంత ఫొటోని పజిల్‌గా మార్చే యాప్‌లు చాలానే ఉన్నాయి. అట్టమీద కావాలంటే మాత్రం ఫొటో పెద్దదిగా ఉండాలి. 12x18 అంగుళాల పజిల్ స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చొప్పున 3600x5400 పిక్సెళ్లు, అంటే దాదాపు 2 కోట్ల పిక్సెళ్లు కావాలి. పిల్లలకైతే 24 ముక్కలతో మొదలుపెట్టండి.

ఫొటో కోసం పిట్టను మాత్రం ఇబ్బంది పెట్టొద్దు. గూటి దగ్గరికి వెళ్లకండి. ఎలుకను ఎరగా వేయడం, ఫోన్‌లో దాని అరుపు వినిపించి రప్పించడం అసలే వద్దు. ఫొటో పోస్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసేయండి. క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లు మన దేశంలో ఉన్నారు. దీపావళి సమయంలో ఆ బెడద మరీ ఎక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, చంపడం, అమ్మడం అన్నీ నేరాలే.

ఈసారి సందెవేళ మీ వీధి చెట్టుమీద కిచకిచమంటూ గోల వినిపిస్తే రాయి కోసం వెతక్కండి, ఫోన్ తీయండి. ఫ్లాష్ మాత్రం ఆపేయండేం!